మీ డ్రెస్సింగ్‌ని దేనితో పోల్చారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కైటోసాన్‌లో (రొయ్యల పెంకుల లాంటివాటి నుంచి తీసే పాలిమర్) పసుపు సారం, కొద్దిగా సిల్వర్ నానో కణాలు కలిపి నానోఫైబర్ పొర, అంటే అతి సన్నని పోగుల పొర, ఒకటి తయారు చేశారు. ఎలుకల వీపు మీద గాయాలు చేసి ఈ పొర వేస్తే, ఏమీ వేయకుండా వదిలేసిన ఎలుకల కన్నా త్వరగా మానాయి. ఇక ఒక ఆసుపత్రిలో 30 మంది షుగర్ పుండ్ల రోగుల మీద చూద్దామనుకుంటున్నారు. ఆలోపు ఇంకా ఏయే టెస్టులు చేయించాలో చెప్పమన్నారు.

చెబుతాను. కానీ రోగుల దగ్గరికి ఇప్పుడే వెళ్ళకండి. మీ ఎలుకల ఫలితం మీ పొర గురించి చెబుతున్నది చాలా తక్కువ. గాయాన్ని కప్పి, తడి ఆరకుండా ఉంచితే త్వరగా మానుతుందని మాత్రం చెబుతోంది. ఆ సంగతి 1962 నుంచి తెలిసిందే. జార్జ్ వింటర్ అనే ఆయన పందుల వీపు మీద లోతు తక్కువ గాయాలు చేసి, కొన్నింటిని మామూలు పాలిథిన్ పొరతో కప్పి, కొన్నింటిని గాలికి వదిలేశాడు. పాలిథిన్ కింద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో వచ్చింది. గాలికి ఎండి పక్కు కట్టిన గాయంలో అంచు నుంచి బయల్దేరిన కణాలు ఆ ఎండిన భాగం కిందికి దిగి, తడి ఉన్న చోటు చూసుకుంటూ పోవాలి. తడిగా ఉంటే ఆ తిప్పలు లేవు, పైపైనే పాకేస్తాయి. మరుసటి ఏడాది హిన్‌మన్, మైబాక్ మనుషుల్లోనూ ఇదే చూపించారు.

ఆ పాలిథిన్‌లో మందూ లేదు, మాకూ లేదు. అంటే ఏమీ వేయని గాయంతో పోటీ పెడితే కూరగాయల సంచీ ముక్క కూడా గెలుస్తుంది. ఒళ్ళు కాలినవాళ్ళను మన ఊళ్ళలో అరటాకు మీద పడుకోబెట్టేవారు, అంటుకోదు, ఆరిపోదు గనక. ముంబైలో డాక్టర్ కేస్వానీ బృందం 1980ల్లో ఉడికించిన బంగాళాదుంప తొక్కలతో కాలిన గాయాలకు కట్లు కట్టి మంచి ఫలితాలు రాసింది. ఆ తర్వాత ముంబైలోనే అరటాకు కట్ల మీద కూడా అధ్యయనాలు వచ్చాయి. అవి పనికిరానివని నా ఉద్దేశం కాదు, చాలా తెలివైన పనులు. మీ పొర వాటికన్నా మెరుగని ఇంకా ఎవరూ చూడలేదు అంటున్నాను.

కాబట్టి టెస్టుల జాబితా కన్నా ముందు తేలాల్సింది మీ పొరను దేని పక్కన నిలబెడతారన్నది. ఎలుకల్లో కనీసం ఈ గ్రూపులు ఉండాలి: పారఫిన్ గాజ్ (మైనం పూసిన గుడ్డ), మార్కెట్లో దొరికే ఒక ఫోమ్ లేదా హైడ్రోకొల్లాయిడ్ (జెల్‌గా మారే) డ్రెస్సింగ్, పసుపూ సిల్వరూ లేని మీ ఉత్త కైటోసాన్ పొర, సిల్వర్ మాత్రమే ఉన్న పొర, అన్నీ ఉన్న పొర. ఉత్త కైటోసాన్ గ్రూపు లేకపోతే గెలిచినా ఎందుకు గెలిచారో చెప్పలేరు. పసుపు వల్లనా, సిల్వర్ వల్లనా, తడి నిలబెట్టడం వల్లనా? రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న అదే. ఇన్వెస్టర్ తెలివైనవాడైతే ఆయనా అదే అడుగుతాడు.

ఇక బెంచి పరీక్షలు, అంటే జంతువులు లేకుండా ల్యాబ్ బల్ల మీద చేసేవి. వీటికి ఎక్కువమంది వాడేది యూరప్ ప్రమాణం ఈఎన్ 13726. రసి ఎంత పీలుస్తుందో చూసే పరీక్ష అందులో అన్నిటికన్నా తేలిక, అయినా సగం థీసిస్‌లలో తప్పుగా చేసి ఉంటుంది. 5 సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి తూకం వేయాలి. లీటరు ద్రావణంలో 8.298 గ్రాముల సోడియం క్లోరైడ్, 0.368 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ ఉండేలా కలుపుకోవాలి. సోడియం, కాల్షియం పాళ్ళు గాయం రసికి దగ్గరగా ఉండాలని ఆ లెక్క. ముక్క బరువుకు 40 రెట్లు ద్రావణం పోసి, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, ఫోర్‌సెప్స్‌తో ఒక మూల పట్టుకుని 30 సెకన్లు వేలాడదీసి మళ్ళీ తూకం వేయాలి. దీన్ని డిస్టిల్డ్ వాటర్‌తో చేసి వేల శాతాల్లో ఉబ్బిందని రాసేవాళ్ళున్నారు. అయాన్లు లేని నీటిలో ఛార్జి ఉన్న పాలిమర్ విపరీతంగా ఉబ్బుతుంది. ఉప్పు తగిలితే ఆ ఉబ్బు సగానికి సగం దిగిపోవచ్చు. గాయంలో డిస్టిల్డ్ వాటర్ ఉండదు కదా.

ఆ 30 సెకన్లు మాత్రం తూకం కోసమే అనుకోకండి, కళ్ళతో చూడండి. నానోఫైబర్ పొరలు చాలావరకు తడవగానే జారి, పట్టుకున్న మూల దగ్గర సాగి, జిగురుగా కిందపడతాయి. మీదీ అలా అయితే రేపు నర్సు దాన్ని గాయంలోంచి తీసేటప్పుడు ఒక్క ముక్కగా రాదు. పిప్పిలా మిగిలిన దాన్ని సెలైన్‌తో కడిగి కడిగి తీయాలి, ఆ కడగడంలో కొత్తగా వచ్చిన లేత చర్మమూ పోతుంది. మీ క్రాస్‌లింకింగ్ (పాలిమర్ గొలుసులను ఒకదానికొకటి ముడివేయడం) మార్చుకోవాలో లేదో చెప్పేది ఈ దృశ్యమే, తూకం అంకె కాదు.

ఇంకోటి, ఈ పరీక్షలో పొర మీద బరువేమీ ఉండదు. మీరేమో అరికాలి పుండుకు వాడతానంటున్నారు. ఒత్తిడి పెట్టినప్పుడు పీల్చింది పీల్చినట్టు పట్టి ఉంచుతుందా, స్పాంజిని పిండినట్టు కక్కేస్తుందా అన్నది వేరేగా చూసుకోవాలి. కాలి సిరల పుండ్లకు కట్టే కంప్రెషన్ కట్టు చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరస ఒత్తిడి ఇస్తుంది. కనీసం ఆ మేరకు బరువు పెట్టి చూడండి. కక్కేస్తే ఏమవుతుందో డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక పూట నిలబడితే కనబడుతుంది: కట్టు విప్పగానే పుండు చుట్టూ వేలెడు మేర చర్మం నాని, తెల్లబడి, ముడతలు పడి ఉంటుంది. పుండు పెద్దదయ్యేది ఆ తెల్ల అంచు నుంచే.

ఆవిరి ఎంత పోనిస్తుందన్నది రెండో అంకె. ఆరోగ్యంగా ఉన్న చర్మం నుంచి రోజుకు చదరపు మీటరుకు సుమారు 200 గ్రాముల నీరు ఆవిరవుతుంది. ఎర్రటి కండ పట్టిన తెరిచిన గాయం నుంచి 5,000 గ్రాములకు పైనే. మీ పొర ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉండాలి. 2,000 నుంచి 2,500 మధ్య ఉంటే మేలని చాలాకాలంగా చెప్పుకునే అంకె ఉంది గానీ దాన్ని వేదంలా పట్టుకోనక్కర్లేదు. రసి బాగా కారే పుండుకు ఎక్కువ కావాలి, పొడిబారిన పుండుకు తక్కువ కావాలి. ప్రమాణం ప్రకారం ఈ పరీక్షను తేమ 20 శాతం లోపు ఉన్న గాలిలో చేస్తారు. అంత పొడిగాలి రాయలసీమ మే నెలలో మధ్యాహ్నాలు ఉంటుందేమో గానీ, ఆగస్టులో విశాఖపట్నంలో ఉండదు. పైన ఇంకో ప్యాడ్, దాని మీద రోలర్ బ్యాండేజీ చుట్టాక ఆ అంకె మారిపోతుంది. అందుకని మొత్తం కట్టుతో కలిపి కూడా ఒకసారి కొలవండి.

సిల్వర్ సంగతికొద్దాం. బ్యాక్టీరియాను పెంచే అగార్ ప్లేటు మీద మీ ముక్క చుట్టూ తెల్లారేసరికి ఏర్పడిన స్పష్టమైన వలయం ఫోటో మీ పోస్టర్‌లో ఉండే ఉంటుంది. ఆ వలయం చెప్పేది ముక్కలోంచి ఏదో బయటికి వ్యాపించిందని మాత్రమే. సిల్వర్ అయాన్లకు క్లోరైడ్ తగిలితే సిల్వర్ క్లోరైడ్‌గా పేరుకుపోతాయి, ప్రొటీన్లు తగిలితే వాటికి అతుక్కుపోతాయి. గాయం రసిలో ఆ రెండూ దండిగా ఉన్నాయి. కాబట్టి సీరం కలిపిన మాధ్యమంలో, బ్యాక్టీరియా సంఖ్య ఎన్ని లాగ్‌లు (ఒక లాగ్ అంటే పదో వంతుకు పడిపోవడం) తగ్గిందో లెక్కపెట్టే పరీక్ష చేయాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. సమయం అయ్యాక ద్రవం తీసి ప్లేటు మీద పోసేటప్పుడు, ఆ ద్రవంతో పాటు వచ్చిన సిల్వర్ ప్లేటు మీద కూడా చంపుతూనే ఉంటుంది. అరగంటలో అన్నీ చచ్చాయని మీరు రాసుకుంటారు. నిజానికి అవి చచ్చింది ఆ రాత్రి ఇంక్యుబేటర్‌లో. థయోగ్లైకొలేట్ లాంటి న్యూట్రలైజర్ వేసి సిల్వర్‌ని అక్కడికక్కడే ఆపాలి. ఆ న్యూట్రలైజర్ నిజంగా ఆపుతోందనీ, దానంతట అది బ్యాక్టీరియాను చంపడం లేదనీ వేరే కంట్రోళ్ళతో చూపించాలి. ఎవరైనా సిల్వర్ పేపర్ చూపించి ఎలా ఉందని అడిగితే నేను మెథడ్స్‌లో ముందు ఈ వాక్యం కోసమే వెతుకుతాను. లేకపోతే మిగతాది చదవను.

పైగా పాతబడిన పుండ్లలో బ్యాక్టీరియా విడివిడిగా ఈదుతూ ఉండవు. జిగురు పొరలో గుంపుగా, బయోఫిల్మ్‌గా బతుకుతాయి. ఒకటి రెండు రోజులు పెరగనిచ్చిన స్టాఫిలోకాకస్, సూడోమోనాస్ బయోఫిల్మ్ మీద, వీలైతే పంది చర్మం ముక్క మీద చూడండి. ఈదే బ్యాక్టీరియా మీద వచ్చిన అంకె అక్కడ వెలవెలబోతుంది. అది సహజమే, దాచుకోవాల్సిన పని లేదు.

పసుపు దగ్గర ఇంకా జాగ్రత్త. కణాలకు హాని చేస్తుందో లేదో చూసే ఐఎస్ఓ 10993-5 పరీక్షలో బతికిన కణాలు 70 శాతం కన్నా తగ్గితే ఫెయిల్. దాన్ని ఎక్కువమంది ఎంటీటీ అనే రంగు పరీక్షతో చేస్తారు. ఎంటీటీ సొంత రంగు పసుపుపచ్చ, బతికి ఉన్న కణాలు దాన్ని ఊదా రంగుకు మారుస్తాయి. మొక్కల పాలీఫెనాల్స్ ఆ మార్పును కణాలు లేకుండానే చేసేయగలవు. మీ సారం సొంత రంగు కూడా రీడింగ్‌లో కలుస్తుంది. ఫలితంగా కణాలు చస్తున్నా 130 శాతం బతికాయని అంకె వచ్చి, పసుపు కణాలను పెంచుతోందని రాసేస్తారు. కణాల్లేని బావుల్లో సారం, ఎంటీటీ మాత్రమే వేసి చూడండి. ఊదా రంగు వస్తే ఆ పద్ధతి మీకు పనికిరాదు, డీఎన్ఏ కొలిచే పద్ధతికో, మైక్రోస్కోప్ కింద బతికినవీ చచ్చినవీ లెక్కపెట్టడానికో మారండి.

పసుపు మన వంటింటి మందు, కొత్తగా నిరూపించేదేముంది అని మీ గైడ్ అన్నారని రాశారు. 1995లో అమెరికాలో పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంటు ఇస్తే మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ అభ్యంతరం చెప్పి 1997లో రద్దు చేయించింది, అది అందరికీ తెలుసు. కానీ అక్కడ గెలిచిన వాదన ఇది కొత్త సంగతి కాదన్నది. ఎంత బాగా పనిచేస్తుందన్న లెక్క ఆ కేసులో ఎవరూ తీయలేదు. మీ పొరలోంచి కర్కుమిన్ (పసుపులోని ముఖ్య పదార్థం) ఎంత, ఎన్ని గంటలు విడుదలవుతుందో చూపిస్తే అది మీ పని అవుతుంది. కర్కుమిన్ వెలుతురుకీ, క్షార ద్రావణానికీ పాడవుతుంది. పాత పుండు రసి క్షారం వైపే ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇవన్నీ స్టెరిలైజ్ చేసిన తుది సరుకు మీద చేయాలి. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ల్యాబ్‌లో యూవీ లైటు కింద పెట్టిన పొరతో పరీక్షలు చేసి, చివర్లో ప్యాకెట్లను 25 కిలోగ్రేల గామా కిరణాలకు పంపుతారు. గామా తగిలితే కైటోసాన్ గొలుసులు తెగుతాయి, బలం తగ్గుతుంది, కరిగే తీరు మారుతుంది. అప్పుడు మీరు పరీక్షించిందీ, రోగికి వేసేదీ ఒకటి కావు. ఈటీఓ (ఇథిలీన్ ఆక్సైడ్) గ్యాస్‌తో స్టెరిలైజ్ చేయిస్తే మిగులు గ్యాస్ ఎంతుందో చూపాలి. అలాగే మూడు రోజులకోసారి మార్చేది గనక తాకే కాలం మూడు రోజులేనని బయోకంపాటిబిలిటీ (ఒంటికి పడుతుందా అని చూసే పరీక్షల) ఫారంలో రాయకండి. ఒకే రోగికి వరుసగా వేసిన రోజులన్నీ కలిపి చూస్తారు. షుగర్ పుండు విషయంలో అది సులువుగా 30 రోజులు దాటుతుంది, దాటితే చేయాల్సిన పరీక్షలూ పెరుగుతాయి.

ఎలుకల దగ్గర గ్రూపులు కాక ఇంకో చిక్కు. ఎలుక గాయం ఎక్కువగా మానేది అంచులు దగ్గరికి లాగేసుకోవడం వల్ల. దాని చర్మం కింద ఒక కండర పొర ఉంటుంది, మనకు అది నామమాత్రం. మనిషి గాయంలో ఎర్ర కండ పెరిగి, దాని మీద కొత్త చర్మం పాకాలి. అందుకే గాయం చుట్టూ సిలికాన్ రింగు కుట్టి, అంచులు దగ్గరికి రాకుండా ఆపే పద్ధతి వచ్చింది. అది వాడండి. స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనం ఇచ్చి షుగర్ తెప్పించిన ఎలుకకు రక్తంలో చక్కెర పెరుగుతుంది, అంతవరకే. అరికాలి స్పర్శ పోయి, రక్తనాళాలు పూడుకుపోయి, అదే కాలి మీద రోజూ మైళ్ళు నడిచే మనిషికి అది నమూనా కాదు. డబ్బు, అనుమతి కుదిరితే పంది మేలు. దాని చర్మం మన చర్మానికి దగ్గర. కానీ ఒక పంది మీద 12 గాయాలు చేసి 12 ప్రయోగాలని లెక్క చెప్పకూడదు. అది ఒక పందే. స్లైడ్లు చదివే పాథాలజిస్టుకు ఏది ఏ గ్రూపో తెలియకూడదు. ఇది కాగితం మీద అందరూ ఒప్పుకుంటారు, చేసేది కొందరే.

ఇప్పుడు అసలు ప్రశ్న, రోగులు. షుగర్ పుండు మానడంలో డ్రెస్సింగ్ వాటా చిన్నది. రక్తం అందుతోందా, ఇన్‌ఫెక్షన్ ఉందా, చచ్చిన కండ తీశారా, ముఖ్యంగా ఆ పుండు మీద బరువు పడకుండా చూశారా, ఇవే పెద్ద వాటాలు. ఈ పాఠం మన దగ్గరే పుట్టింది. వేలూరులో పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల అరికాలి పుండ్లకు పిండికట్టు వేసి, నడిచినా పుండు మీద ఒత్తిడి పడకుండా చేసి మాన్పించేవాడు. ఆయన అమెరికా వెళ్ళాక అదే పద్ధతి అక్కడ షుగర్ రోగులకు చేరింది. 2001లో 63 మందితో చేసిన ట్రయల్‌లో ఇలాంటి పూర్తి పిండికట్టు వేసినవాళ్ళలో 12 వారాలకు దాదాపు 90 శాతం మందికి పుండు మానింది. విప్పుకోగల వాకర్ బూటు ఇచ్చినవాళ్ళలో 65 శాతం, సగం చెప్పు ఇచ్చినవాళ్ళలో 58 శాతం. తేడా ఎందుకంటే విప్పుకోగలిగితే విప్పేస్తారు. ఆ తర్వాత అడుగులు లెక్కపెట్టే యంత్రాలు కట్టి చూస్తే, రోజు మొత్తం నడకలో 28 శాతమే బూటు వేసుకుని నడిచారు. పిండికట్టుకీ మిగతా రెంటికీ మధ్య వచ్చిన ఆ 25-30 శాతం తేడా ఏ డ్రెస్సింగూ తెచ్చేది కాదు. మీ ట్రయల్‌లో ఒక గ్రూపువాళ్ళు ఇంట్లో కూడా ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు వేసుకుని, రెండో గ్రూపువాళ్ళు వట్టికాళ్ళతో పొలానికో, కొండకో వెళ్ళొస్తే మీ పసుపు గెలిచినా ఓడినా ఆ ఫలితానికి అర్థం లేదు.

కాబట్టి అందరికీ ఒకే రకం ఆఫ్‌లోడింగ్, అంటే పుండు మీద బరువు పడనివ్వని ఏర్పాటు, ఇవ్వాలి, మీ ఖర్చుతో. మొదటి రెండు వారాలు ఎవరికీ మీ డ్రెస్సింగ్ వేయకండి. మామూలు చికిత్స సరిగ్గా చేసి చూడండి. ఇంతకాలం సరైన చికిత్స దొరక్కే మానని పుండ్లు ఆ రెండు వారాల్లోనే చకచకా తగ్గిపోతాయి. అవి మీ ట్రయల్‌కి అక్కర్లేదు. మిగిలినవాళ్ళనే గ్రూపులుగా విడగొట్టండి. రక్తప్రసరణ చూసేటప్పుడు చీలమండ ఒత్తిడి నిష్పత్తి (చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే వచ్చేది) ఒక్కటే నమ్ముకోకండి. షుగర్ రోగుల్లో ధమని గోడ సున్నం పట్టి గట్టిపడి అంకె ఉన్నదానికన్నా బాగా కనబడుతుంది. 1.3 దాటితే సంతోషించడం కాదు, అనుమానించాలి. కాలి బొటనవేలి ఒత్తిడి కొలవండి.

దేనితో పోల్చాలన్నదానికి నాకు తెలిసినంతలో చక్కటి ఉదాహరణ యూరప్‌లో జరిగిన ఎక్స్‌ప్లోరర్ ట్రయల్. 2018లో వెలువడింది. సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ ఉన్న డ్రెస్సింగ్‌ని, అచ్చం అలాగే ఉండి ఆ పదార్థం మాత్రం లేని డ్రెస్సింగ్‌తో పోల్చారు. రోగికీ డాక్టరుకీ ఏది ఏదో తెలియదు. 240 మందిలో, రక్తప్రసరణ కొంత తగ్గిన షుగర్ పుండ్లలో, 20 వారాలకు ఒకవైపు 48 శాతం, రెండోవైపు 30 శాతం పూర్తిగా మానాయి. అంతర్జాతీయ డయాబెటిక్ ఫుట్ మార్గదర్శకాలు ఇలాంటి పుండ్లకు దాన్ని పరిశీలించమంటాయి. అవే మార్గదర్శకాలు పుండు మాన్పడం కోసమని సిల్వర్ డ్రెస్సింగులు వాడొద్దంటాయి. బ్రిటన్‌లో వల్కన్ ట్రయల్ 213 మంది సిర పుండ్ల రోగుల్లో సిల్వర్ డ్రెస్సింగులను మామూలు అంటుకోని డ్రెస్సింగులతో పోల్చింది. రెండిటి మీదా ఒకే కంప్రెషన్ కట్టు. 12 వారాలకు మానినవి ఒకవైపు సుమారు 60, రెండోవైపు 57 శాతం. ఖర్చు మాత్రం సిల్వర్ వైపే ఎక్కువ. అక్కడే 317 మంది షుగర్ పుండ్లవాళ్ళలో మామూలు అంటుకోని గాజ్, అయొడిన్ డ్రెస్సింగ్, ఖరీదైన హైడ్రోఫైబర్ మూడింటినీ పోలిస్తే మానడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీ పొరలో సిల్వర్ ఎందుకు పెట్టారో మరోసారి ఆలోచించుకోండి అనడానికే ఇదంతా. అది తీసేస్తే కణాల పరీక్ష గట్టెక్కడం తేలికవుతుంది, రెగ్యులేటరీ దారి కూడా కొంత నునుపవుతుంది.

30 మంది ఎందుకు చాలరో ఈ అంకెలతోనే లెక్క వేయొచ్చు. 30 శాతం మానేచోట మీ పొర 48 శాతం మాన్పుతుందని ఆశపడితే, 80 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే అది బయటపడే అవకాశం) ఒక్కో గ్రూపుకు సుమారు 111 మంది కావాలి, మధ్యలో మానేసేవాళ్ళు కాక. మీ ఆశ 40 శాతమే అయితే ఒక్కో గ్రూపుకు దాదాపు 350 మంది. 30 మందితో చేయగలిగేది పైలట్: పొర నిలుస్తోందా, నొప్పి ఎంత, అలర్జీ వస్తోందా, ఎన్ని రోజులకు మార్చాల్సి వస్తోంది, రోగులు తిరిగి వస్తున్నారా. దాన్ని పైలట్ అనే పిలవండి. అందులో పీ విలువ (తేడా కాకతాళీయమా కాదా అని చూసే గణాంకం) వెతికి, దొరికితే పండగ చేసుకోకండి.

మానడం అంటే ఏమిటో ముందే రాసిపెట్టుకోవాలి. అమెరికా ఎఫ్‌డీఏ 2006 నుంచి చెబుతున్న నిర్వచనం బాగుంది: పూర్తిగా చర్మం కప్పుకుని, రసి లేకుండా, కట్టు అవసరం లేకుండా, రెండు వారాల తేడాతో రెండుసార్లు చూసినా అలాగే ఉండాలి. సగం తగ్గింది, బాగా తగ్గింది అనేవి దీని తర్వాతే. వైశాల్యం శాతంలో మోసం ఎలా దాగుంటుందో చూడండి. ఒక గుండ్రని పుండు వ్యాసం 2 సెంటీమీటర్లు, ఇంకోటి 4. రెండిటి అంచూ వారానికి ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి వస్తోంది, అంటే మానే వేగం ఒకటే. నాలుగు వారాలకు చిన్నది 64 శాతం తగ్గుతుంది, పెద్దది 36 శాతమే. మీ గ్రూపులో చిన్న పుండ్లు కాస్త ఎక్కువ పడితే చాలు, ఏ మందూ లేకుండా గెలిచేస్తారు. రోగులను విడగొట్టేటప్పుడే పుండు సైజును బట్టి వర్గాలు చేయండి. ఫలితాల్లో అంచు ఎంత జరిగిందో కూడా లెక్కగట్టండి. వైశాల్యంలో వచ్చిన తేడాను సగటు చుట్టుకొలతతో భాగిస్తే సరిపోతుంది.

స్కేలుతో పొడవు, వెడల్పు గుణించడం మానేయండి. 4 సెంటీమీటర్ల పొడవు, 3 వెడల్పు ఉన్న అండాకారపు పుండు 12 చదరపు సెంటీమీటర్లు కాదు, 9.4. పారదర్శక షీటు మీద అంచు గీసుకోవడం చౌకైనదీ నమ్మదగినదీ. ఫోటో తీస్తే పక్కన స్కేలు స్టిక్కరు ఉండాలి, కెమెరా నిటారుగా ఉండాలి. మడమ వంపు మీద ఫోటో ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. కొలిచేది ఎప్పుడైనా చచ్చిన కండ తీశాకే. డీబ్రైడ్‌మెంట్ చేసిన రోజు పుండు పెద్దదవుతుంది. ఒకసారి ముందు, ఒకసారి తర్వాత కొలిస్తే గ్రాఫ్ ఎటుపడితే అటు పోతుంది. కొలిచే మనిషికి గ్రూపు తెలియకూడదు, మీ పొర పసుపు మరక వదులుతుంది కాబట్టి ఇది మీకు మామూలు కన్నా కష్టం. కట్టు విప్పి, కడిగి, మరక తుడిచాకే ఆ మనిషిని లోపలికి పిలవండి. మరక పోకపోతే ఉత్త పొరకు కూడా ఆ రంగు తెప్పించే దారి చూడాలి.

అనుమతుల గురించి పొట్టిగా. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కింద వస్తారు. మందు పదార్థం కలిపారు గనక రిస్క్ తరగతి పైకి పోతుంది. కొత్త పరికరాన్ని మనుషుల మీద పరీక్షించడానికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓకి ఎండీ-22 ఫారంలో దరఖాస్తు, వాళ్ళిచ్చే అనుమతి ఎండీ-23. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, మొదటి రోగిని చేర్చుకునే ముందే సీటీఆర్ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు కావాలి. జంతువుల ప్రయోగాలకు మీ సంస్థలోని జంతు నైతిక కమిటీ, ఐఏఈసీ, ఒప్పుకోవాలి. మన దేశంలో ఈ దారిలో చివరిదాకా వెళ్ళినవాళ్ళున్నారు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో పంది పిత్తాశయం నుంచి చేసిన కోలెడెర్మ్ అనే గాయాల పొర 2023లో క్లాస్ డి (అన్నిటికన్నా ఎక్కువ రిస్క్ తరగతి) పరికరంగా అనుమతి తెచ్చుకుంది. ఏళ్ళు పడుతుంది, మీ ఎంఫార్మ్ గడువులో అయ్యేది కాదు. అది మీ గైడ్‌తో మొహమాటం లేకుండా మాట్లాడుకోండి.

ఆసుపత్రిలో పని మొదలుపెట్టేముందు డ్రెస్సింగ్ వేసే సిస్టర్లతో కూర్చోండి, సర్జన్‌తో కూర్చున్నంతసేపు. మూడు రోజులు తెరవకూడదని ప్రొటోకాల్‌లో ఉంటుంది. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు పుండు ఎలా ఉందో చూద్దాం అంటే రోజూ విప్పుతారు. విప్పాక అలవాటుగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తారు, బెటాడిన్ రాస్తారు, ఆ పైన మీ పొర వేస్తారు. అప్పుడు మీరు పరీక్షిస్తున్నది పెరాక్సైడ్‌నే. అందుకే ప్రతి మార్పుకీ ఒక వరుస ఉన్న షీటు పెట్టండి: ఎవరు విప్పారు, ఎందుకు విప్పారు (రసి కారి బయటికొచ్చిందా, ఊడిందా, వాసనా, రోగి అడిగారా, డాక్టరు అడిగారా), దేనితో కడిగారు, తీసేటప్పుడు నొప్పి పదికి ఎంత, అంచు తెల్లబడిందా. ఈ వివరాలు తర్వాత ఎవరినడిగినా రావు, అప్పటికప్పుడు రాస్తేనే ఉంటాయి. వారానికి కట్టు ఖర్చు ఎంతైందో కూడా రాయించండి, రోగి ఆటో చార్జీతో సహా. మానడంలో తేడా రాకపోయినా, రోజూ మార్చే గాజ్ బదులు వారానికి రెండుసార్లు నొప్పి లేకుండా మారిస్తే సరిపోతోందని తేలితే అది కూడా అమ్ముకోదగ్గ, ప్రచురించదగ్గ ఫలితమే.

ముందు మాత్రం ఉత్త కైటోసాన్ గ్రూపుతో ఎలుకల ప్రయోగం మళ్ళీ చేయండి. గ్రూపుల పట్టిక, ఒక్కో గ్రూపుకు ఎన్ని ఎలుకలో ఆ లెక్క ఐఏఈసీకి పంపేముందు నాకు పంపితే చూసి చెబుతాను.